మౌళి చెప్పిన సెకండాఫ్‌లు

తెర మీద హీరో గొడ్డలి పైకెత్తాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడే మౌళి ముందు సీట్లో అమ్మాయి లేచి నిలబడింది.

గొడ్డలి కనిపించలేదు. హీరో కనిపించలేదు. ఆకుపచ్చ చున్నీ, దాని మీదికి జారిన పొడుగాటి జడ మాత్రం తెర నిండా కనిపించాయి.

"మేడం, కూర్సోండి. ఇంటర్వెల్ సీనది," అన్నాడు మౌళి.

"బస్సెల్లిపోద్దండి."

"ఒక్క నిమిషం ఆగలేరేటి?"

"ఆ ఒక్క నిమిషంలోనే ఎల్లిపోద్ది. మీరు కాస్త పక్కకి వంగి సూసుకోండి."

మౌళి పక్కకి వంగాడు. ఆమె కూడా అదే పక్కకి జరిగింది. ఇటు వంగాడు. ఆమె బ్యాగు వెతుక్కుంటూ ఇటే వంగింది. ఈలోగా గొడ్డలి దిగడం, హాలు ఈలలతో దద్దరిల్లడం, లైట్లు వెలగడం అన్నీ అయిపోయాయి. వారమంతా ఎదురుచూసిన సీనును మౌళి చెవులతో చూశాడు.

తిట్టుకుంటూ సీట్లోకి వాలబోతే కాలికి ఏదో తగిలింది. స్టీలు లంచ్ బాక్సు. అమ్మాయి లేదు. బాక్సు పట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా పరుగెత్తాడు.

కృష్ణదేవిపేట వెళ్లే ఆఖరి బస్సు కదలబోతోంది. ఆమె ఫుట్‌బోర్డు మీద ఉంది.

"మీ బాక్సు," అన్నాడు రొప్పుతూ.

ఆమె అందుకుని అతణ్ణి పరీక్షగా చూసింది. "మీరు రీల్స్‌లో సినిమాలు సెప్పే మౌళి కదూ? హాల్లోనే గొంతు పట్టీసినాను."

మౌళి తలూపాడు.

"అయితే ఇంకో సాయం సెయ్యండి. ఆ గొడ్డలాయన సివరికి ఏటైనాడో రేపు నాకు సెప్పాలి. మెయిన్ రోడ్డు మీద ల్యాబ్‌లో పని సేస్తాను. ఫణిశ్రీ అని అడగండి."

బస్సు వెళ్లిపోయింది. కోపం కూడా ఆ బస్సే ఎక్కి వెళ్లిపోయినట్టుంది. మౌళి తిరిగి హాలుకి వెళ్లి సెకండాఫ్ మొత్తం పరీక్షకి చదువుకునేవాడిలా చూశాడు.

మౌళి పగలు గోపీకృష్ణ గారి ఫ్లెక్స్ షాపులో డిజైనరు. నర్సీపట్నంలో ఏ హీరో సినిమా విడుదలైనా, ఏ నాయకుడి పుట్టినరోజు వచ్చినా, ఆ బొమ్మల చుట్టూ పూలూ సింహాలూ మెరుపులూ అమర్చేది అతనే. శుక్రవారం ఫస్ట్ షో చూసి, మర్నాడు పొద్దున్న ఫోనులో ఒక రీల్ పెడతాడు. "నాకైతే" అని మొదలుపెడతాడు. కథ చెప్పడు. తనకేం అనిపించిందో అది మాత్రం దాచుకోకుండా చెబుతాడు.

"నాకైతే హీరోకి జరమొచ్చిన సీను బాగుంది. కానీ అంత జరంలోనూ తల నున్నగా దువ్వుకున్నాడు. ఆ దువ్వెన ఎవరిచ్చినారా అని ఇంటర్వెల్ దాకా ఆలోసించినాను."

అలా అన్నందుకు ఆ హీరో అభిమానులు షాపుకి రావడం మానేశారు. గోపీకృష్ణ తల పట్టుకున్నాడు. "ఒక్కసారి బాగుందని అబద్ధం ఆడితే నీ సొమ్మేటి పోద్దిరా?" అన్నాడు.

"నాకు అనిపించాల గదండి," అన్నాడు మౌళి.

శనివారం ల్యాబ్‌కి వెళ్తే ఫణిశ్రీ ఒక పెద్దాయన చేతికి రబ్బరు పట్టీ కడుతోంది. "సెప్పండి, వింటన్నాను," అంది తల తిప్పకుండా.

గొడ్డలాయన జైలుకెళ్లాడనీ, అక్కడ వంట నేర్చుకున్నాడనీ, బయటికొచ్చి మంత్రయ్యాడనీ మౌళి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"పిడికిలి బిగించండి," అంది ఫణిశ్రీ. పెద్దాయన బిగించాడు. మౌళి కూడా బిగించాడు. ఆమె అది చూసి పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. నవ్వినప్పుడు ఆమెకి ముందు కళ్లు చిన్నవవుతాయి, తర్వాత బుగ్గలు, ఆఖరికి పెదవులు. మౌళికి ఆ వరుస తెలిసిపోయింది. తెలిసినందుకు రోజంతా తల తేలిగ్గా తిరిగింది.

ఆమెకి డ్యూటీ అయిదింటికి అయిపోతుంది. శుక్రవారం కొత్త సినిమా చూడకపోతే నిద్ర పట్టదు. ఆఖరి బస్సు తప్పితే ఊరు చేరలేదు. అందుకని సగం చూసి లేచిపోతుంది. ఆ సగాన్నే ఇంట్లో అమ్మ అప్పలనరసమ్మకి చెబుతుంది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ సినిమా హాలు మెట్లెక్కడం మానేసి చాలా కాలమైంది. మిగతా సగం ఓటీటీలోకి వచ్చేదాకా తల్లీ కూతుళ్లు ఊహించుకుంటూ ఉండేవాళ్లు. వచ్చేసరికి కొత్తవి పోగుపడి, పాతవి మరిచిపోయేవారు.

"ఇక మీరున్నారు గదా," అంది.

ఆ మాట మౌళి చెవిలో పాటలా తిరిగింది.

తర్వాతి వారం సినిమా టిఫిన్ బండి నడుపుకునే మొగుడూ పెళ్లాల కథ. ఫస్టాఫ్ అంతా అట్లూ, అలకలూ. ఇంటర్వెల్‌కి ఆ అమ్మాయి ఉన్నట్టుండి పడిపోతుంది. ఫణిశ్రీ కళ్లు తుడుచుకుంటూనే బస్సుకి పరుగెత్తింది. సెకండాఫ్‌లో ఆ అమ్మాయి చనిపోయింది. మౌళి హాల్లో వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు ల్యాబ్‌లో అడుగు పెట్టకముందే ఫణిశ్రీ ఎదురొచ్చింది.

"బతికిందా?"

"ఏటండి?"

"ఆ అమ్మాయి. మా అమ్మ రాత్రంతా నిద్రపోనేదు. ఆ గుంట బతికితే ఉపమాక ఎంకన్నకి కొబ్బరికాయ కొడతానని మొక్కేసింది. సెప్పండి, బతికిందా?"

ఆ కళ్లు అంత దగ్గరగా, అంత ఆశగా ఎప్పుడూ చూడలేదు మౌళి.

"బతికింది," అన్నాడు.

ఎలా అని అడిగింది. ఇక తప్పలేదు. ఎదురింట్లో గొడవపడే నర్సమ్మ రాత్రికి రాత్రి తన స్కూటీ మీద మందు తెచ్చిందన్నాడు. మొగుడు ఆస్పత్రి బయటే బండి పెట్టి అందరికీ ఉప్మా వడ్డించాడన్నాడు. డాక్టరు ఉప్మాలో జీడిపప్పు వెతుక్కున్నాడన్నాడు. ముందు ఆమె కళ్లు చిన్నవయ్యాయి. తర్వాత బుగ్గలు. ఇక మౌళి ఆగలేకపోయాడు.

"మరి మీ రీల్‌లో సెకండాఫ్‌కి ఏడుపొచ్చిందన్నారు?" అంది ఫణిశ్రీ.

"సంతోసంతో అండి."

అక్కడ మొదలైంది. హాస్టల్లో దెయ్యం ఉన్న సినిమాలో దెయ్యం నిజానికి వార్డెనే. మౌళి చెప్పిన దాంట్లో దెయ్యం సప్లిమెంటరీ రాసి పాసైంది. పెద్ద హీరో సినిమాలో సెకండాఫ్ మొత్తం ఫైట్లే. మౌళి చెప్పిన దాంట్లో విలన్ వాళ్లమ్మ రంగంలోకి దిగి, అందరి ముందూ కొడుకు చెవి పట్టుకుని అన్నానికి తీసుకుపోయింది. లారీ నడిపే అన్నదమ్ముల సినిమా చివర ఇద్దరూ కోర్టులో విడిపోయారు. మౌళి చెప్పిన దాంట్లో టోల్ గేటు దగ్గర అన్న లారీ ఆగితే, ఏళ్ల తరబడి మాటల్లేని తమ్ముడు గుడ్డ తీసుకుని, ఒక్క మాటా అనకుండా ఆ లారీ అద్దం తుడిచాడు.

"అంతే?" అంది ఫణిశ్రీ నెమ్మదిగా.

"అంతే. తుడిసి ఎల్లిపోయాడు."

"మా నాన్న సినిమాలంటే టైం వేస్టంటారు. కానీ నేను అమ్మకి సెప్తుంటే అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని వింటారు. పేజీ మాత్రం తిప్పరు," అంది.

ఒక శుక్రవారం కుండపోత. ఆఖరి బస్సు ఇంకా రాలేదు. మౌళి సినిమా వదిలేసి గొడుగు తెచ్చాడు. కాంప్లెక్స్ పక్క బడ్డీలో వేడి వేడి బజ్జీలు కొని, చూరు కింద నిలబడ్డారు. గాలికి జల్లు వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఒకే వైపు జరుగుతున్నారు. జల్లు ఆగినా వెనక్కి మాత్రం ఎవరూ జరగడం లేదు.

నిజం చెప్పేద్దామని మౌళి గొంతు సవరించుకున్నాడు. ఆమే ముందు అంది.

"మీ రీల్స్ ఎందుకు నచ్చుతాయో తెలుసా? బాగోకపోతే బాగోనేదనీగలరు. మా ల్యాబ్ రిపోర్టులాగ. ఉన్నదే ఉంటది."

మౌళి నోట్లో బజ్జీ చల్లారిపోయింది.

దొరికిపోవడం మాత్రం సోమసుందరం గారి వల్ల జరిగింది. ఫణిశ్రీ తండ్రి. హైస్కూల్లో లెక్కల మాస్టారు. లారీ సినిమా ఓటీటీలోకి వచ్చిందని తెలిసి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు దగ్గరేసుకుని మొత్తం చూశారు. అద్దం తుడిచే సీను రాలేదు. వెనక్కి తిప్పి మళ్లీ చూశారు. రాలేదు. కూతురు రాగానే అడిగారు.

"ఏమ్మా, ఈ ఓటీటీ వాళ్లు సీన్లు కోసేస్తారా? ఎవరికైనా కంప్లెయింట్ ఇవ్వొచ్చా?"

మర్నాడు ఫణిశ్రీ ఫ్లెక్స్ షాపులోకి వచ్చింది. మౌళి ఒక నాయకుడికి నల్ల కళ్లజోడు పెడుతున్నాడు.

"లారీ సినిమాలో తమ్ముడు అద్దం తుడుస్తాడా?"

మౌస్ ఆగిపోయింది. స్క్రీన్ మీద నాయకుడు ఒంటి కంటికే జోడుతో ఉండిపోయాడు.

"తుడవడండి."

"టిఫిన్ బండి అమ్మాయి?"

"సనిపోయింది."

"మా అమ్మ మోకాళ్ల నొప్పులతో ఉపమాక ఎల్లి కొబ్బరికాయ కొట్టొచ్చింది. తెలుసా మీకు? హాస్టల్ దెయ్యం?"

"దెయ్యం కాదండి. వార్డెన్."

వెనక గోపీకృష్ణకి నవ్వొచ్చింది. ఫణిశ్రీ ఒక చూపు చూసింది. ఆయన ప్రింటింగ్ మెషిన్ గదిలోకి వెళ్లిపోయాడు.

"ఎందుకు?" అంది.

"మొదటిసారి మీ మొహం సూసి సెప్పలేకపోయాను. తర్వాత మీరు నవ్వడం నాకు అలవాటైపోయింది."

"రోజూ రిపోర్టులిచ్చేది నేనండి. బాగోని రిపోర్టు అందుకునేటప్పుడు వాళ్ల మొహం సూడాల్సింది కూడా నేనే. అయినా ఒక్క అంకె మార్చను. నాకు నిజం సెప్తే నేనేటైపోతాననుకున్నారు? ఊరందరికీ నిజం, నాకొక్కదానికే అబద్ధం." బ్యాగు భుజానికి తగిలించుకుంది. "మీరు నిజమే సెప్తారన్నదొక్కటే కదా మీ మీద నాకున్న నమ్మకం."

వెళ్లిపోయింది. ఆకుపచ్చ చున్నీ రోడ్డు దాటి ఆటోల మధ్య కలిసిపోయింది.

తర్వాతి శుక్రవారం ఆమె హాలుకి వచ్చింది. ఎక్కడో దూరంగా కూర్చుంది. ఇంటర్వెల్‌కి లేచి, ఇటు చూడకుండా వెళ్లిపోయింది. మర్నాడు మౌళి రీల్‌లో, "నాకైతే ఈ వారం సినిమాలో ఏటీ అనిపించలేదు. తప్పు సినిమాది కాదు," అని ఊరుకున్నాడు. కింద ఎవరో, అన్నా జరమొచ్చిందా, దువ్వెన పంపాలా అని రాశారు. మౌళికి నవ్వు రాలేదు.

గోపీకృష్ణే చూడలేక అన్నాడు. "సారీ సెప్పావా?"

"ఆవిడ నా మొహం సూడదండి."

"అబద్ధం ఆవిడొక్కదానికే సెప్పావేటి? ఆ అమ్మకి, ఆ అయ్యకి కూడా సెప్పినట్టే గదా. కొబ్బరికాయ కొట్టినావిడ కాడికి ముందెల్లు."

ఆదివారం మౌళి గొలుగొండ మీదుగా షేర్ ఆటోలో కృష్ణదేవిపేట వెళ్లాడు. దారంతా పచ్చటి వరి, పైన ఎప్పుడు కురుద్దామా అని చూసే మబ్బు. లెక్కల మాస్టారి ఇల్లు అని అడిగితే చూపించారు. చేతిలో ఒక కొబ్బరికాయ ఉంది. ఎందుకు కొన్నాడో అతనికే తెలియదు.

అరుగు మీద సోమసుందరం గారు పేపరు చదువుతున్నారు. పక్కన అప్పలనరసమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"నమస్కారమండీ. నా పేరు మౌళి. మీకు సినిమాలన్నీ తప్పుగా సెప్పింది నేనే."

పేపరు కిందికి దిగింది. గుమ్మంలోకి ఫణిశ్రీ వచ్చింది. తల రుద్దుకుని తువ్వాలుతో జుట్టు ఆరబెట్టుకుంటోంది. అతణ్ణి చూసి అక్కడే ఆగిపోయింది.

మౌళి నిలబడే అన్నీ చెప్పాడు. వార్డెన్ గురించి చెప్పాడు. విలన్‌ని వాళ్లమ్మ తీసుకెళ్లలేదు, హీరో నీళ్ల ట్యాంకు మీంచి తోసేశాడని చెప్పాడు. టిఫిన్ బండి అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి చేతిలో కొబ్బరికాయని అటూ ఇటూ తిప్పాడు. అయినా మార్చలేదు. ఆఖరి సీనులో మొగుడు ఒక్కడే బండి తెరిచాడనీ, అలవాటుగా రెండు గ్లాసుల టీ పోశాడనీ, రెండోది ఎవరికిచ్చాడో చూపించకుండా సినిమా అయిపోయిందనీ చెప్పాడు.

అప్పలనరసమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "అంతేటి బాబూ? ఆ గుంట సచ్చిపోనాదా?"

"అవునండీ. నన్ను సెమించాలి."

"పోన్లే. కొట్టీసిన కాయ ఎనక్కడగలేం గదా." మళ్లీ ఒక చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుని, "ఇదీ బాగుంది. కానీ ఏడుపొస్తన్నాది," అంది.

సోమసుందరం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నాకొక డౌటు. ఆ తమ్ముడు అద్దం తుడవడం మరెక్కడిది?"

"ఎక్కడిదీ కాదండీ. నాకలా అనిపించింది."

"ఏ సినిమాలోనూ లేదా?"

"నేదండీ."

ఆయన పేపరు మడత పెట్టారు. "నక్కపల్లిలో మా తమ్ముడున్నాడు. పొలం గట్టు దగ్గర మాటా మాటా అనుకుని మాట్లాడుకోవడం మానేశాం. నువ్వు చెప్పింది మా అమ్మాయి చెబుతుంటే విని, ఆ రాత్రి నేనే ఫోన్ చేశాను."

ఫణిశ్రీ తువ్వాలు కిందికి దించింది. ఆ సంగతి ఆమెకీ తెలియదు. అప్పలనరసమ్మకీ తెలియదు.

"ఏటన్నాడు?" అంది అప్పలనరసమ్మ.

"వానలు పడుతున్నాయా అన్నాడు. పడుతున్నాయన్నాను. అంతే."

ముందు అప్పలనరసమ్మే తేరుకుంది. "అదంతా సరే గానీ బాబూ, కతలు అంత కష్టపడి మార్సడం దేనికి? మా పిల్ల నిన్నేటి బతిమాలిందా?"

మౌళి ఫణిశ్రీ వైపు చూశాడు. నిజం చెబుదామనే వచ్చాడు. ఇది ఒక్కటీ దాచడం కుదరలేదు.

"ఆవిడ నవ్వితే సూద్దామనండీ."

సోమసుందరం గారు మడత పెట్టిన పేపరు మళ్లీ విప్పారు, తలకిందులుగా. ఫణిశ్రీ ముఖం ఎర్రబడింది.

"అమ్మా, పొయ్యి మీద టీ పొంగిపోతాది," అంది గబగబా.

"నాను టీ ఎట్టనేదే," అంది అప్పలనరసమ్మ.

మౌళి కొబ్బరికాయ అరుగు మీద పెట్టి సెలవు తీసుకున్నాడు. గేటు దాకా వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు. సన్నగా తుంపర మొదలైంది. ఫణిశ్రీ తడి జుట్టుతో, చేతిలో తువ్వాలుతో వచ్చి గేటుకి అవతలి పక్క నిలబడింది.

"నా కోపం పోనేదు," అంది.

"తెలుసండి."

"సగమే పోయింది."

"మిగతా సగం ఎప్పుడు పోద్దండి?"

"ఒకటడుగుతాను. మార్సకుండా సెప్పాలి."

"అడగండి."

"నేనంటే ఇష్టమేనా?"

"ఇష్టం."

"ఎంతేటి?"

మౌళికి మామూలుగా అయితే బోలెడు మాటలు వస్తాయి. సినిమాకి ఒకటి చొప్పున చెప్పగలడు. ఇప్పుడు ఒక్కటీ రాలేదు. "సెప్పడం రావడం నేదండి. ఇందాకటి నుంచి గేటు పట్టుకుని నిలబడిపోయాను. ఆటో వచ్చి ఎల్లిపోయింది. సూసినాను, ఎక్కలేదు."

ముందు కళ్లు చిన్నవయ్యాయి. తర్వాత బుగ్గలు. ఈసారి ఆమె పెదవి కొరుక్కోలేదు.

"నాకూ అంతే," అంది. "మీరు సెప్పిన కతలు అబద్ధమని తెలిసిన రోజు నాకు కోపం కంటే బెంగ ఎక్కువేసింది. ఇక శనివారం ఎవరు వస్తారా అని."

తుంపర చినుకైంది. గేటు మీద అతని చెయ్యి పక్కన ఆమె చెయ్యి వచ్చి చేరింది. ఇద్దరూ ఆ చేతుల వైపు చూడకుండా, రోడ్డు మీద గొప్ప విశేషమేదో ఉన్నట్టు అటే చూస్తున్నారు.

"అబ్బాయ్," అని అరుగు మీంచి సోమసుందరం గారి గొంతు వినిపించింది.

ఇద్దరి చేతులూ గేటు వదిలేశాయి.

"మీ నాన్నగారి నంబరు చెప్పు."

మౌళికి కంగారు పుట్టింది. అంకెలు తడబడుతూ, ఒకటి మింగి మళ్లీ చెప్పి, మొత్తానికి పూర్తి చేశాడు. సోమసుందరం గారు ఒక్కొక్క అంకే పైకి చదువుకుంటూ నొక్కారు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, పిల్ల తండ్రిలా గొంతు సవరించుకున్నారు.

మౌళి జేబులో ఫోన్ మోగింది.

ఫణిశ్రీ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ నంబరే ఇచ్చీసినారా?"

మౌళి ఫోన్ తీసి చూస్తూ నిలబడిపోయాడు.

"ఎత్తండి. మా నాన్న లైన్లో ఉన్నారు."

ఎత్తాడు.

"నమస్కారమండీ," అన్నారు సోమసుందరం గారు, ఇటు చూడకుండా, మర్యాదగా. "మౌళి వాళ్ల నాన్నగారేనా?"

"కాదండీ. మౌళినండీ."

ఆయన తల తిప్పారు. గేటు దగ్గర చెవికి ఫోన్ పెట్టుకుని తడుస్తున్న కుర్రాణ్ణి చూశారు. వంగిపోయి నవ్వుతున్న కూతుర్ని చూశారు. అరుగు మీద అప్పలనరసమ్మ చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టేసి ముందుకి వంగింది. ఆయన ఫోన్ పెట్టేయలేదు.

"సరే, నువ్వే దొరికావు కాబట్టి నిన్నే అడుగుతాను. మా అమ్మాయిని చేసుకుంటావా?"

"సేసుకుంటానండీ."

"ఉండు, అమ్మాయినీ అడగాలి. ఫోన్ దానికియ్యి."

మౌళి ఫోన్ అందించాడు. ఫణిశ్రీ నవ్వు ఆపుకుంటూ చెవి దగ్గర పెట్టుకుంది. తండ్రి వైపు తిరిగి, వానలో, ఫోన్లోనే చెప్పింది.

"సేసుకుంటాను నాన్నా."

"అయితే వాళ్ల నాన్నగారి నంబరు ఈసారి నువ్వు కనుక్కుని చెప్పు," అని సోమసుందరం గారు ఫోన్ పెట్టేశారు.